వరహాలమ్మ పళ్ళ సెట్టు

గోపాల్‌పూర్ క్లినిక్ నుంచి వచ్చిన డబ్బా మూత తీయగానే విజయకుమారికి ప్రాణం ఉసూరుమంది. దూదిలో చుట్టి ఉన్నది అదే పళ్ళ సెట్టు. మళ్ళీ తిరిగొచ్చింది. డాక్టర్ శాంతి రాసి పంపిన చీటీలో కూడా పాత మాటలే ఉన్నాయి. పై సెట్టు పట్టు నిలవడం లేదు, అంగిలి వైపు గరుకుగా ఉంది, పాలిష్ సరిగా చూసుకోండి, ఇంకోటి చేసి పంపండి.

బరంపురంలో ఆ దంతాల ల్యాబ్ వెంకటరమణమూర్తి గారిది. తాతల కాలం నుంచి బట్టల టోకు వ్యాపారం చేసుకుంటున్న కుటుంబం. కొత్తగా ఏదైనా పెట్టాలని ఆయన ఈ ల్యాబ్ పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళ పళ్ళ డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తారు. వాటి మీద ఇక్కడ క్యాపులూ, కట్టుడు పళ్ళూ తయారుచేసి డాక్టర్లకి పంపాలి. విజయకుమారి ఇక్కడే ప్లాస్టర్ కలపడంతో మొదలుపెట్టి అన్ని బల్లల దగ్గరా కూర్చుని పని నేర్చుకుంది. ఈ మధ్యే మూర్తిగారు ఆమెని ఇన్‌చార్జిని చేశాడు.

"ఎవరెంత పని చేస్తున్నారో, ఎవరి పని ఎన్నిసార్లు తిరిగొస్తోందో నాకు కనబడాలమ్మా," అన్నాడాయన ఆ రోజు. "మా కొట్లో గుమాస్తా గుడ్డల తాను చించితే నష్టం ఎవరిదో తెలుస్తుంది. ఇక్కడ నాకేటీ తెలియడం లేదు."

ఆయన అడిగిన దాంట్లో తప్పేమీ కనబడలేదు విజయకుమారికి. తలుపు పక్కన గోడకి తెల్లబోర్డు పెట్టించి ఒక్కొక్కరి పేరూ రాసింది. పేరు కింద పచ్చ రంగులో పూర్తయిన కేసులు, ఎర్ర రంగులో తిరిగొచ్చిన కేసులు. మొదటి నెలలో పని బాగా జోరందుకుంది. మూర్తిగారు మిఠాయి తెప్పించాడు.

ఇప్పుడు ఆ బోర్డు మీద ఎరుపంతా పుణ్యవతి పేరు కిందే ఉంది.

పుణ్యవతిది రామయ్యపట్నం. సముద్రం ఒడ్డు ఊరు. పూర్తి పళ్ళ సెట్లన్నీ ఆమె చేతి మీదే తయారవుతాయి. మైనంలో పళ్ళు ఒక్కొక్కటీ నిలబెట్టడం, ఆ మైనం స్థానంలో గులాబీ రంగు ప్లాస్టిక్ పోసి అంగిలికి ఆనే ప్లేటుగా ఉడికించడం, చివర పాలిష్ పట్టడం, అన్నీ ఆమే. ఇన్నేళ్ళూ విజయకుమారి ఆమె పక్క బల్ల మీదే పనిచేసింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారేజీలో తినేవాళ్ళు. "విజ్జీ" అని పిలిచేది పుణ్యవతి. బోర్డు పెట్టిన తరవాత ఎప్పుడో, ఎవరూ చెప్పకుండానే, ఆ పిలుపు "మేడమ్" అయిపోయింది. క్యారేజీలు కూడా వేరైపోయాయి.

విజయకుమారి డబ్బా పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వెళ్ళింది. పుణ్యవతి సెట్టు చేతిలోకి తీసుకుని, దీపం కింద పెట్టి తిప్పి తిప్పి చూసింది. బొటనవేలుతో అంగిలి మీద రాసింది.

"ఇది నా పాలిష్ కాదు, మేడమ్."

"మనం పంపిందే కదా, పుణ్యవతీ. అదే కేసు."

"సెట్టు నాదే. ఈ గీతలు నావి కావు. నాను పంపినప్పుడు అద్దంనాగ ఉన్నాది. మీరే సూసినారు కదా, మీరే డబ్బాలో పెట్టినారు."

నిజమే. విజయకుమారి చూసింది. కాని క్లినిక్‌కి వెళ్ళిన వస్తువు నాలుగు వారాల్లో గీతలు పడి, వంకర తిరిగి వస్తే, అది ఎవరి పేరు కింద రాయాలి? "సరే, మళ్ళీ చెయ్యి," అని మాత్రం అంది. పుణ్యవతి తల వంచుకుంది. ఆ వంచుకున్న తల చూసి విజయకుమారి మనసు చివుక్కుమంది.

అంతకన్నా బాధ పెట్టినది పక్క బల్లల మీది వాళ్ళ మౌనం. ఇదివరకు ఎవరి పని తిరిగొచ్చినా అందరూ చుట్టూ మూగి, ఒకరు మోడల్ చూసి, ఇంకొకరు పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు చూసి, తలో మాటా అనేవాళ్ళు. ఇప్పుడు ఎవరూ కుర్చీలోంచి కదల్లేదు. కంప్యూటర్ మీద క్యాపులు గీసే అనుదీప్‌ని ఓసారి వచ్చి చూడమంటే, "అది ఆవిడ పేరు మీదున్న కేసు కదా మేడమ్. నేను చెయ్యి పెడితే నా కిందకొస్తాది," అన్నాడు. కుర్రాడు పొగరుతో అన్న మాట కాదది. బోర్డు చూసి నేర్చుకున్న మాట.

ఆ తరవాత రోజుల్లో పుణ్యవతి చెయ్యి నెమ్మదించింది. పెట్టిన పన్నే తీసి మళ్ళీ పెడుతుంది. పట్టిన పాలిషే మళ్ళీ పడుతుంది. ఒక్కోసారి పూర్తయిన సెట్టు చేతిలో పెట్టుకుని ఇవ్వడానికి భయపడుతున్నట్టు కూర్చుంటుంది. ఆమె కోసం కాచుకుని ఉన్న కేసులు పేరుకుపోయాయి.

"ఆవిణ్ణి ప్లాస్టర్ గదికి మార్చెయ్యమ్మా," అన్నాడు మూర్తిగారు. ఆయన గొంతులో కోపం లేదు. "మంచి మనిషే. చేతిలో పస తగ్గితే ఎవరేం చేస్తారు? అక్కడ ప్లాస్టర్ కలుపుతున్న నీరజని ఆ బల్ల మీద కూర్చోబెట్టు."

విజయకుమారికి అంతవరకూ ఊగుతున్న మనసు ఆ మాటతో ఒక చోట ఆగింది. పుణ్యవతి చేతిలో పస తగ్గడమేమిటి? తను ఆ చెయ్యి చూస్తూనే కదా పని నేర్చుకుంది!

"ఒక్క వారం ఆగండి బాబూ. ఆ సెట్టు పెట్టుకుంటున్న మనిషిని ఓసారి చూసొస్తాను," అంది.

మూర్తిగారు వింతగా చూశాడు. "మన వాళ్ళు రోగి దగ్గరికి ఎందుకు? అది డాక్టర్ పని కదా?"

"డాక్టరుగారిని అడిగే వెళ్తాను."

ఫోన్ చేస్తే డాక్టర్ శాంతి కాదనకపోగా ఊపిరి పీల్చుకున్నట్టు మాట్లాడింది. "ఆవిడ పేరు వరహాలమ్మ. బీచి మీద చేపలమ్ముతుంది. సెట్టు పెట్టిన రోజు తరవాత మళ్ళీ ఆవిడ మొహం చూళ్ళేదు నేను. ప్రతిసారీ కోడలి చేతికిచ్చి పంపిస్తుంది, కొత్తది వచ్చేదాకా తన దగ్గరున్న పాత సెట్టే పెట్టుకుంటోందట. మనిషిని రమ్మని చెప్పి చెప్పి విసిగిపోయాను. నోరు చూడకుండా నేనేం చెప్పగలను? మీరు చూసి, వీలైతే క్లినిక్‌కి వెంటబెట్టుకు రండి."

మర్నాడు పొద్దున్నే విజయకుమారి, పుణ్యవతి గోపాల్‌పూర్ బస్సెక్కారు. పుణ్యవతి ఒళ్ళో కొత్తగా చేసిన సెట్టు డబ్బా ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. విజయకుమారి రెండు మూడుసార్లు మాట కలపబోయింది. "ఆఁ మేడమ్," "అవును మేడమ్," అంటూ సమాధానాలు వచ్చాయి.

బస్సు దిగి, హోటళ్ళ వెనక నుంచి పల్లె వైపు నడిచారు. పడవలు అప్పుడే ఒడ్డుకి చేరాయి. ఇసకలో చేపలు కుప్పలు పోసి వేలం పాడుతున్నారు. తెలుగూ ఒడియా కలగలిపి అరుపులు. వరహాలమ్మ ఎవరని అడిగితే ఒకావిడ గడ్డంతో అటు చూపించింది.

బక్కపలచని ముసలమ్మ. కొంగు నడుముకి బిగించి, ఒక కుప్ప ముందు నిలబడి ధర అరుస్తోంది. గొంతు ఖంగుమంటోంది. వ్యాపారులు ఇద్దరు ముగ్గురు ఆవిడ నోటి వంకే చూస్తున్నారు. పాట ముగిశాక ఆవిడ పక్కకి తిరిగి గాలికి వీపు పెట్టి కూర్చుంది. రొంటిలోంచి చుట్ట తీసింది.

పుణ్యవతి ఠక్కున ఆగిపోయింది.

ముసలమ్మ చుట్ట వెలిగించింది. వెలిగిన కొసని నోట్లోకి పెట్టి పెదాలు మూసింది. ఇక బయట నిప్పు కనబడలేదు. బుగ్గలు మాత్రం లోపలికీ బయటికీ ఆడుతున్నాయి. ముక్కులోంచి సన్నగా పొగ వస్తోంది.

"అడ్డపొగ," అంది పుణ్యవతి నెమ్మదిగా. "విజ్జీ, సూడు. నిప్పు అంగిట్లో పెట్టుకుంటన్నాది. పళ్ళు తియ్యకండానే."

విజయకుమారికి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. ఆ ప్లేటు వేడినీళ్ళలో వేస్తేనే వంకర తిరుగుతుంది. దాని మీద రోజూ నిప్పు పెడితే ఏమవుతుంది? సెట్టు వదులు కాక ఏమవుతుంది!

ఇద్దరూ వెళ్ళి ఆవిడ ముందు కూర్చున్నారు. పళ్ళు చేసేది మేమేనని విజయకుమారి చెప్పగానే వరహాలమ్మ గబుక్కున చుట్ట నోట్లోంచి తీసి ఇసకలో గుచ్చింది. చిన్నపిల్ల దొరికిపోయినట్టు ఆవిడ మొహం ఎర్రబడింది.

"డాక్టరమ్మ పంపినాదేటి?"

"కాదు మామ్మా. మేమే వచ్చేం. నీ సెట్టు ఎందుకు పాడవుతుందో చూద్దామని."

కుప్ప దగ్గర చేపలు బుట్టలోకి ఎత్తుతున్న కోడలు పద్మిని ఈ మాటలు విని చెయ్యి కడుక్కుని వచ్చింది. "సెప్పు అత్తా. నాకు సెప్పనేదు, ఆల్లకన్నా సెప్పు. పతీసారీ డాక్టరమ్మ దగ్గర తల దించుకుని నిలబడతన్నది నాను."

వరహాలమ్మ కాసేపు ఇసక గీరింది. తరవాత, నెమ్మదిగా, మొదలుపెట్టింది.

"పళ్ళు పెట్టక ముందే డాక్టరమ్మ సెప్పినాది. అడ్డపొగ మానేస్తేనే పెడతానన్నాది. మానేసినాను, నిజంగానే మానేసినాను. పళ్ళు పెట్టేదాకా ముట్టుకోనేదు. మరి పెట్టేక..." ఆవిడ సముద్రం వైపు చూసింది. "తెల్లారి ఈ గాలిలో నిలబడితే పేణం లాగేస్తాది. మా అమ్మ కాలం నుంచీ అలవాటు. బయటికెట్టి కాలిస్తే గాలికి నిలవదు గదా."

"కాల్చినప్పుడైనా పళ్ళు తీసేయొచ్చు కదా మామ్మా?"

"తీస్తే?" ఆవిడ విజయకుమారిని పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "బోసినోటితో పాట పాడితే ఎవలికి ఇనబడతాది? పళ్ళు లేనప్పుడు నా మాట నాకే తెలిసేది కాదు. కొనీవోల్లు నవ్వీవోరు. పద్మిని వంక సూసి ధర అడిగీవోరు. ఇప్పుడు సూసినావా, అందరూ నా కాసే సూస్తారు. అంతమందిలో తీసి కొంగులో పెట్టుకోమంటావా?"

"మరి ఈ గీతలు?" అంది పుణ్యవతి.

"మసి బారిపోద్ది తల్లీ. డాక్టరమ్మ సూస్తే తెలిసిపోద్ది గదా. ఇసకేసి రుద్దీదాన్ని."

పుణ్యవతి పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో విజయకుమారికి మొదట తెలియలేదు. రెండూ చేస్తోంది.

"నువ్వు నాకెంత పని సేసినావు మామ్మా," అంది ఆమె. "ఇన్ని దినాలూ నా సేతులు పోనాయనుకున్నాను."

వరహాలమ్మకి అప్పటికి గాని అర్థం కాలేదు, తన ఇసక ఎవరి మీద పడిందో. ఆవిడ పుణ్యవతి చెయ్యి పట్టుకుంది. "నీకు మాటొచ్చిందా నా వల్ల? నాకేటి తెలుసు తల్లీ. మిసనీలో సేస్తారనుకున్నాను."

తరవాత వరహాలమ్మే తేరుకుని, ముందుకి వంగి, గుట్టుగా అడిగింది. "మా పక్కింటాయన నోట్లో లోహం ప్లేటు ఉన్నాది. అది వంగదంట. నాకూ అదే సేసి పెట్టండి. డాక్టరమ్మకేటీ సెప్పకండి. మీకూ మాట రాదు, నాకూ తిట్లుండవు."

విజయకుమారి వెంటనే కాదనలేకపోయింది. అంగిలి వరకూ లోహం వేసి చేయడం తమకి చేతనైన పనే. అది వంగదు. ఇసకతో రుద్దినా చెడదు. ఆ సెట్టు ఇక ఎప్పటికీ తిరిగి రాదు. పుణ్యవతి బల్ల పుణ్యవతికే ఉంటుంది, డాక్టర్ సంతోషిస్తుంది, మూర్తిగారు సంతోషిస్తాడు, ఈ ముసలమ్మ సంతోషిస్తుంది. బోర్డు మీద ఎరుపు చెరిగిపోతుంది. తను రోజూ కోరుకుంటున్నది అదే కదా?

"మామ్మా, ఓపాలి సెట్టు తీసి నోరు తెరు," అంది పుణ్యవతి.

ఆమె ఫోన్ దీపం వెలిగించి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. విజయకుమారి కూడా వంగి చూసింది. అంగిలి మీద తోలు తెల్లగా మందంగా కట్టి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఒక పక్క చిన్న పుండు.

పుణ్యవతి దీపం ఆపేసింది.

"మా అమ్మది కూడా రామయ్యపట్నం ఒడ్డే మామ్మా. చేపలే. అడ్డపొగే. అంగిట్లో ఇలగే తెల్లగా ఉండీది. తరవాత పుండయింది. విశాపట్నంలో కోసి తీసేసినారు. అంగిట్లో ఇంత కన్నం. గంజి తాగితే ముక్కులోంచి వచ్చీది. మాట్లాడితే అన్నీ ముక్కుమాటలే, నాకు కూడా తెలిసీది కాదు ఏటి అడుగుతున్నాదో. ఆల్లే ఒక ప్లేటు సేసి ఆ కన్నానికి మూత పెట్టినారు. పెట్టిన దినం అమ్మ నన్ను పేరెట్టి పిలిసింది." ఆమె ఆగింది. "ఆ ప్లేటు సేసినోల్లెవలో మాకు తెలవదు. అమ్మ ఉన్నన్నాల్లూ దండం పెట్టుకునీది ఆల్లకి. అందుకే నానీ పనిలోకొచ్చినాను."

ఇన్నేళ్ళు పక్క బల్ల మీద కూర్చుని, ఒకే క్యారేజీలో తిని, విజయకుమారి ఈ మాట ఎన్నడూ వినలేదు. ఎన్నడూ అడగలేదు కూడా.

"లోహం ప్లేటు సేస్తే అది బాగానే ఉంటాది మామ్మా," అంది పుణ్యవతి. "దాని ఎనకా పక్కలా నీ నోరు కాలిపోద్ది. అలాటి సెట్టు నా సేత్తో సెయ్యలేను."

వరహాలమ్మ మొహం ముడుచుకుంది. "అయితే డాక్టరమ్మకి సెప్పేస్తారన్నమాట."

విజయకుమారి ఈసారి తడుముకోలేదు. "మేం చెప్పం. నువ్వే చెప్పాలి. మేం నీ పక్కనే కూకుంటాం. ఆవిడ తిడితే మేం కూడా పడతాం."

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. చేపలు పద్మిని చూసుకుంటాది."

ముసలమ్మ లేచి, ఇసక దులుపుకుని, గొణుక్కుంటూ నడిచింది. క్లినిక్ మెట్ల దగ్గర ఒకసారి వెనక్కి తిరగబోయింది గాని పుణ్యవతి చెయ్యి వదల్లేదు.

డాక్టర్ శాంతి తిట్టలేదు. వరహాలమ్మ తలొంచుకుని "మానేసినానని అబద్దమాడినాను" అంటే, కుర్చీ వాల్చి నోరు చూసింది. చూస్తున్నంతసేపూ ఆమె మొహంలో రంగు మారుతూనే ఉంది. అయినా గొంతు మాత్రం మెత్తగానే ఉంది. "మంచి పని చేశావు వచ్చి. ఈ పుండు దగ్గర చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుదాం. ఫలితం వచ్చేదాకా, ఆ తరవాత కూడా నేను చెప్పేదాకా పళ్ళు పెట్టుకోకూడదు. చుట్ట ముట్టుకోకూడదు." తరవాత ఆమె ల్యాబ్ వాళ్ళిద్దరి వైపూ తిరిగింది. "పాలిష్ గురించి నేను రాసిన మాటలకి ఏమనుకోకండి. మీ పని నాకు తెలుసు. ఎందుకిలా అవుతోందో తెలియక అలా రాశాను."

పుణ్యవతి చేతులు జోడించింది.

తిరుగు బస్సులో మాట మొదలుపెట్టింది పుణ్యవతే. వాళ్ళమ్మ సంగతులు చెప్పింది. ప్లేటు పెట్టుకున్నాక ఆవిడ మొట్టమొదట తిన్నది ఉల్లిపాయ పకోడీ అట. విజయకుమారి వింటూ కూర్చుంది. బరంపురం దగ్గర పడుతుండగా అంది, "నిన్ను ప్లాస్టర్ గదికి పంపమన్నారు. నేను వద్దని గట్టిగా అనలేదు. వారం ఆగమన్నాను అంతే."

"తెలుసు. నీరజ సెప్పినాది."

"కోపం రాలేదా?"

"వచ్చింది. మరి నువ్వు బస్సెక్కినావు కదా నాతో," అంది పుణ్యవతి.

మర్నాడు విజయకుమారి మూర్తిగారి గదిలోకి వెళ్ళి జరిగినదంతా చెప్పింది. ఆయన ఆశ్చర్యంగా విన్నాడు. విని, "మరయితే అది మన తప్పు కాదు. ఆ ఎరుపు చెరిపేసెయ్యమ్మా," అన్నాడు.

"ఎరుపు కాదు బాబూ, పేర్లు చెరిపేస్తాను."

"పేర్లు లేకపోతే ఎవరేం చేస్తున్నారో నాకెలా తెలుస్తుంది?"

"ఎవరెంత చేస్తున్నారో నేను చెప్తాను, రోజూ చెప్తాను. కాని తిరిగొచ్చినది ఒకరి పేరు కింద రాస్తే మిగతా వాళ్ళంతా దానివైపు చూడడం మానేస్తున్నారు. ఆ సెట్టు అందరి మధ్యా బల్ల మీద పెట్టి ఉంటే, వేడి తగిలిందని ఎవరో ఒకరు మొదట్లోనే అనేవారు. ఇన్నేళ్ళ అనుభవమున్న నరసన్నకి తెలియదా? అనుదీప్‌కి తెలియదా? ఒక్క మనిషే భయంతో అదే తప్పు వెతుక్కుంటూ కూర్చుంది. ఆ భయంతోనే ఆవిడ చెయ్యి నెమ్మదించింది. పస తగ్గి కాదు."

మూర్తిగారు వెంటనే ఒప్పుకోలేదు. వ్యాపారి మనసు, కంటికి కనబడే లెక్క వదులుకోవడం కష్టం. "రెండు నెలలు చూద్దాం," అన్నాడు చివరికి. "పని తగ్గితే మాత్రం మళ్ళీ రాస్తాను. నా చేత్తోనే రాస్తాను."

"రాయండి బాబూ."

ఆమె బోర్డు తుడిచింది. గది మధ్య ఖాళీగా ఉన్న బల్ల మీద ఆ వారం తిరిగొచ్చిన పనులన్నీ పెట్టి, టీ వేళ అందరినీ పిలిచింది. మొదటి రోజు అందరూ టీ తాగేసి ఎవరి బల్ల దగ్గరికి వాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు పెద్దవాడు నరసన్న, క్యాపుల మీద పింగాణీ వేసేవాడు, గ్లాసు పట్టుకుని నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, "ఇది నాదే. రంగు కలపడంలో తొందరపడ్డాను," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ రాసుకోలేదు. అనుదీప్ ఆ క్యాపు చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగులో చూశాడు. "డాక్టరు పంపిన ఫోటోయే పసుపుగా ఉంది మావా, ఒక్క నువ్వే ఏటి సేస్తావు," అన్నాడు.

పనులు ఏ మంత్రం వేసినట్టూ మారిపోలేదు. ఆ నెల పూర్తయినవి కొంచెం తగ్గాయి కూడా. మూర్తిగారు రెండుసార్లు గుమ్మంలో నిలబడి ఖాళీ బోర్డు వంక చూసి వెళ్ళాడు. కాని తరవాతి నెలలో తిరిగొచ్చేవి తగ్గడం మొదలుపెట్టాయి. చేసిందే మళ్ళీ చెయ్యక్కర్లేకపోవడంతో చేతులకి వ్యవధి చిక్కింది. ఆయన మళ్ళీ రాస్తానన్న మాట ఎత్తలేదు.

వరహాలమ్మ పరీక్ష ఫలితం వచ్చిన రోజు డాక్టర్ శాంతి స్వయంగా ఫోన్ చేసింది. పుండు చెడ్డది కాదు. చెడ్డదయ్యే దారిలో ఉంది. చుట్ట మానేస్తే అంగిలి చాలామటుకు తేరుకుంటుంది, అయినా మూడు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి. విజయకుమారి ఫోన్ పెట్టేసి పుణ్యవతి బల్ల దగ్గరికి వెళ్ళి చెప్పింది. పుణ్యవతి చేతిలో మైనం కరుగుతున్న చెంచా ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టి, ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. మళ్ళీ చెంచా తీసుకుంది.

మానడం ముసలమ్మకి తేలికగా జరగలేదు. పద్మిని ఫోన్ చేసి చెబుతూ ఉండేది. ఓ రోజు రొంటిలో చుట్ట దొరికిందట, అత్తాకోడళ్ళకి మాటా మాటా అయిందట. ఇంకో రోజు ఆవిడే తెచ్చి కోడలి చేతిలో పెట్టేసిందట. ఆ రోజుల్లో వేలం పాట పద్మినే పాడింది. మొదట్లో గొంతు పెగల్లేదు. వెనక నిలబడి వరహాలమ్మ భుజం మీద పొడుస్తూ ధర అందించేది.

అంగిలి మెత్తబడ్డాక డాక్టర్ శాంతి కొత్త అచ్చు తీసి పంపింది. పళ్ళు మైనంలో నిలబెట్టి, ట్రయల్‌కి పంపించే రోజు వచ్చింది. "సెట్టుతో పాటు నువ్వూ వెళ్ళు," అంది విజయకుమారి. పుణ్యవతి నమ్మలేనట్టు చూసింది. "నువ్వు రావా?" అంది. విజయకుమారి కూడా వెళ్ళింది.

ఇన్నేళ్ళలో వందల నోళ్ళకి పళ్ళు చేసింది పుణ్యవతి. ప్లాస్టర్ దవడలకి తప్ప మనిషికి పెట్టగా ఎన్నడూ చూడలేదు. డాక్టర్ శాంతి మైనం సెట్టు వరహాలమ్మ నోట్లో అమర్చి పక్కకి జరిగింది. లోపలికి పోయిన బుగ్గలు నిండాయి. పై పెదవి లేచి నిలబడింది. ముసలమ్మ మొహం వాళ్ళ కళ్ళ ముందే ఇంకో మొహమైంది.

పుణ్యవతి గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"ఏటలా సూస్తన్నావు? బాగోనేదా?" అంది వరహాలమ్మ, కొత్త పళ్ళతో మాట కొంచెం జారుతుండగా.

"ముందు పన్ను ఇంకొంచెం లోపలికి ఉండాలి. నవ్వు మామ్మా, ఓపాలి."

వరహాలమ్మ నవ్వింది. పుణ్యవతి దగ్గరికి వెళ్ళి, డాక్టర్ వైపు చూసి, ఆమె తల ఊపాక, సెట్టు తీసి చిన్న కత్తి వేడి చేసి ఆ పన్నుని ఒక్క వెంట్రుకవాసి లోపలికి నెట్టింది. మళ్ళీ పెట్టారు. ముసలమ్మ అద్దం పుచ్చుకుని, ఎడంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది. అద్దం తనతో వచ్చిన పద్మినికి ఇచ్చేసి పుణ్యవతి బుగ్గ నిమిరింది.

సాయంత్రం వాళ్ళు తిరిగి వచ్చేసరికి ల్యాబ్‌లో అందరూ పనుల మీదున్నారు. "ఎలగున్నాయి? సరిపోనాయా?" అని నీరజ అడిగింది. పుణ్యవతి చెప్పడం మొదలుపెట్టింది. నరసన్న బ్రష్షు నీళ్ళలో పెట్టి తిరిగి కూర్చున్నాడు. అనుదీప్ చెవుల్లోంచి వైర్లు తీశాడు. పూర్తి కావలసిన కేసులు ఇంకా ఉన్నాయి. విజయకుమారి లేచి వెళ్ళి, చివర గదిలో గోలగా తిరుగుతున్న పాలిష్ మోటారు ఆపింది. వచ్చి, తనకి తెలిసిన కథే అయినా, పుణ్యవతి పక్కన కూర్చుని మళ్ళీ విన్నది.